నడిమి మేకు

గోపి శుభ్రమైన మనిషి. మా ఊళ్ళో ఇది మెచ్చుకోలు మాట కాదు. టీ కొట్టు దగ్గర గ్లాసు అంచుని జేబురుమాలుతో తుడుస్తాడు. తుడిచాక ఆ జేబురుమాలుని చూసి మొహం చిట్లిస్తాడు. చివరికి టీ తాగకుండానే వెళ్ళిపోతాడు. పెళ్ళి భోజనాల్లో పక్కవాడు వేళ్ళు నాకాడని పంక్తిలోంచి లేచిపోయినవాడు మా జిల్లా మొత్తానికి వీడొక్కడే అయివుంటాడు.

అలాంటివాడికి కూతురు పుట్టింది. నరసన్నపేటలో, అత్తవారింట్లో. వెళ్ళి చూసి తిరిగి వస్తున్నప్పుడు భుజం మీద ఇంత మేర పాలు కక్కిన మరక ఉంది. బస్సులో అందరూ చూశారు. వాడు తుడుచుకోలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ చొక్కా ఉతకడానికి వెయ్యలేదని పక్కింటి తాయారు చెప్పింది. తాయారు చెప్పిందంటే చొక్కా వాసన చూసే చెప్పి ఉంటుంది. ఈ లోకంలో గోపికి రోత పుట్టించనిది ఆ పిల్ల ఒక్కతే. పేరు తులసి.

ఇక ఇల్లు. స్లాబు పోసిన రోజున మేస్త్రీ ఖైనీ నమిలి కంకర మీద ఉమ్మాడని గోపి అలిగి రోడ్డెక్కాడు. సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. అందువల్ల స్లాబులో ఉయ్యాల కోసం కొక్కెం వెయ్యమని చెప్పే దిక్కు లేకపోయింది. బుధవారం పొద్దున్న భార్య ధనలక్ష్మి మూడు నెలలు నిండిన బిడ్డతో, అత్తవారు చేయించిన టేకు ఉయ్యాలతో వస్తుంది. ఆ ఉయ్యాలని ఎక్కడ వేలాడదియ్యాలన్న సంగతి గోపికి సోమవారం రాత్రి తట్టింది. ఊరికి స్లాబు పోసిన మర్నాడే తట్టింది. చెప్పలేదు, అంతే.

ముందు గదికీ వంటింటికీ మధ్య సన్నని నడవ ఉంది. దాని రెండు గోడలకీ పైన ఎదురెదురుగా గాలి కోసం వదిలిన కంతలున్నాయి. వాటిలోకి అడ్డంగా ఒక దూలం దూరిస్తే ఉయ్యాల గొలుసులు చుట్టుకోవచ్చు. దూలం కోసం వెతుకుతూ గోపి మర్నాడు తెల్లారుతూనే, బావ వరసయ్యే గంగులు వాళ్ళ పశువుల శాల దగ్గరకి వెళ్ళాడు.

అక్కడ మురుగు మీద అడ్డంగా ఒక నల్లటి దిమ్మె ఉండేది. మా వైపు చిన్న బండి నడిచే రోజుల్లో పట్టాల కింద పరిచిన స్లీపరు చెక్క అది. పెద్ద లైను వేశాక పాత చెక్కలు ఊళ్ళ మీద పడ్డాయి. గుగ్గిలం చెక్క, చెద పట్టదు. గంగులు గేదెలు ఏళ్ళ తరబడి దాని మీద నడిచాయి. నడవడం ఒక్కటే చేశాయని ఎవరూ అనరు.

"పట్టుకుపో బావా," అన్నాడు గంగులు. "నాకది ఎందుకూ పనికి రాలేదు. గేదెలు నడిమికి వచ్చేతలికి గెంతుతన్నాయి. కాలు పెట్టవు."

"ఎందుకు?"

"గేదెల్ని అడగాల. నాతో మాటాడవు."

మంగళవారం పొద్దున్నుంచి గోపి దాన్ని కడిగాడు. పదకొండు బకెట్ల నీళ్ళు, కుంకుడు రసం, ఫినాయిలు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, కొబ్బరి పీచుతో తోమాడు. పేడ పోయింది. గేదె మూత్రం కంపు పోయింది. పాత నల్ల నూనె వాసన, తుప్పు వాసన మిగిలాయి. వాటి అడుగున ఇంకొకటి ఉంది, సన్నగా... విరిగిన పాల వాసన. ఫినాయిలు పోస్తే కాసేపు దాక్కుంటుంది. మళ్ళీ వస్తుంది.

చెక్కలో అయిదు మేకులున్నాయి. ఇంట్లో గోడకి కొట్టుకునే మేకులు కావు. బొటనవేలంత లావు, జానెడు పొడుగు, ఒళ్ళు నలుచదరం, తల మాత్రం కుక్క మూతిలా ఒక పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది. సుత్తికి కదల్లేదు. గునపం జారింది. అలా మధ్యాహ్నానికి గోపి సోములు గుమ్మం ఎక్కాడు.

సోములు రైల్వే గేంగులో ముప్పై రెండేళ్ళు చేసి దిగిన మనిషి. నోట్లో ఒక్క పన్ను లేదు గాని వేరుశనగ గుళ్ళు అడగడం మానలేదు. మేకులు పీకే గడ్డపార ఆయన దగ్గర ఒకటుంది. మనిషి ఛాతీ ఎత్తు ఇనప కడ్డీ, కింది కొస వంగి, పీత డెక్కలా రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలికలో మేకు తలని ఇరికించి, పై కొస పట్టుకుని ఒళ్ళంతా వేసి తొక్కితే మేకు లేస్తుంది. అది ఆయన ఇంటికి ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే ఆయనకి ఆ పూట చెవుడు వస్తుంది.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మింది. సోములు గడ్డపార భుజాన వేసుకుని వచ్చి, గోపి పెరట్లో చెక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి నాలుగు చెక్క బిరడాలు తీసి వరసగా పెట్టాడు. నలుచదరంగా చెక్కి, నూనె పట్టించినవి.

"ఇవేటి మావా?"

"మేకు పీకినాక కంతలో కొట్టీడానికి. కంత ఒగ్గేసి దీపాల ఏళకి ఇంటికెళ్ళినోడు మా గేంగులో ఒక్కడూ నేడు."

"ఎందుకు?"

"నీళ్ళు దిగి చెక్క కుళ్ళిపోద్ది."

"అంతేనా?"

"రైల్వే వోళ్ళు అంతే అన్నారు," అని సోములు లేచాడు.

డెక్కని మేకు తల కింద ఆనించి సుత్తితో రెండు దెబ్బలు. కడ్డీ మడమ కింద ఒక రాయి. పై కొస పట్టుకుని తొక్కాడు. మేకు కీచుమని అరిచి లేచింది. దవడ పన్ను పీకినప్పుడు పుర్రెలో వినిపించే చప్పుడది. గోపి చెవులు మూసుకున్నాడు. ఆ కంతలో సోములు బిరడా పెట్టి కొట్టాడు. రెండోది. మూడోది. నాలుగోది. ఒక కొసన రెండు, ఇంకో కొసన రెండు. పట్టా ఉండే చోటు అవి.

అయిదోది నట్టనడిమిని ఉంది. సోములు దాని దగ్గరకి వచ్చి ఆగాడు. వేలితో తల మీద తుప్పు గీకి చూశాడు. గడ్డపార కింద పెట్టేశాడు.

"ఇది ఒగ్గేయ్ అల్లుడా."

"అదేటి మావా? పిల్ల మొహం మీదికి తుప్పు రాల్తాది. సరిగ్గా ఉయ్యాల మీదే పడతాది అది."

"గుడ్డ సుట్టు."

"పీకీ రాదా?"

"ఒరే, పట్టాలు రెండు కొసల్నీ ఉంటాయి. నడిమిని ఏటుంటాది? ఏటీ ఉండదు. ఏటీ నేని సోట అంత మేకు ఎవుడు కొడతాడు? కొట్టినోడికి ఏదో పని పడింది. అది మన పని కాదు."

"భయమా మావా?" అన్నాడు గోపి. ఊరంతా తనని ఆటపట్టించే మనిషికి ఒకరిని ఆటపట్టించే అవకాశం దొరికింది మరి.

సోములు నవ్వలేదు. "బిరడాలు నాలుగే తెచ్చినాను," అన్నాడు. చినుకులు మొదలవడంతో తువ్వాలు నెత్తిన కప్పుకుని వెళ్ళిపోయాడు. గడ్డపార బరువుకి భుజం లాగుతోందని, రేపు తెచ్చిమ్మని చెప్పి దాన్ని అక్కడే ఉంచాడు. ముప్పై రెండేళ్ళలో పనిముట్టు పని చోట వదిలేసి రావడం అదే మొదలని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

గోపి చెక్కని వసారాలోకి లాక్కున్నాడు. వాన పెరిగింది. కరెంటు పోయింది. దీపాల వేళ ఇంకా కాలేదు గాని మబ్బుకి అప్పుడే చీకటి దిగింది. కొబ్బరి మట్టల మీంచి నీళ్ళు కారే చప్పుడు తప్ప ఏమీ లేదు. వాడు నడిమి మేకుని చూస్తూ కూర్చున్నాడు. దాని చుట్టూ తుప్పు పొడి. ఎర్రటి పొడి. నిద్రపోతున్న తులసి పెదవుల మీదికి అది రాలడం కళ్ళకి కట్టింది. ఆ ఊహ తట్టుకోలేకపోయాడు.

డెక్క ఆనించాడు. సుత్తితో కొట్టాడు. రాయి పెట్టాడు. తొక్కాడు.

మిగతా నాలుగు మేకులూ అరిచాయి. ఇది అరవలేదు. మెత్తగా వచ్చింది. అన్నం ముద్దలోంచి వేలు తీసినట్టు, చప్పుడు లేకుండా, తడితడిగా... పైకి వచ్చేసింది. మేకు కొసకీ కంతకీ మధ్య జిగట తీగ ఒకటి సాగింది. సాగి, సన్నబడి, తెగింది.

గోపి మేకుని పట్టుకుని ఉన్నాడు. అది వెచ్చగా ఉంది.

మేకుని వసారా దాటి అరటి మొక్కల్లోకి విసిరేశాడు. చెయ్యి తొట్టిలో ముంచి మూడుసార్లు కడిగాడు. సబ్బుతో నాలుగోసారి. తిరిగి వచ్చి చూశాడు.

కంత నల్లగా ఉంది. నలుచదరం. విరిగిన పాల వాసన ఇప్పుడు దాక్కోవడం లేదు. సెల్ ఫోను వెలుతురు వేస్తే లోపల ఎక్కడో... పాలిపోయిన గులాబి రంగుది ఏదో ఉంది. తడిగా.

పురుగు అనుకున్నాడు. చెక్క పురుగు. ఉయ్యాల మీదికి రాల్తుంది. చూడాలి. తియ్యాలి.

జేబురుమాలు చూపుడు వేలికి చుట్టుకున్నాడు. కంతలో పెట్టాడు.

మొదట ఏమీ లేదు. తరవాత వెచ్చదనం. మెత్తగా, నాలుగు పక్కలా, వేలి చుట్టూ ఏదో దగ్గరకి వచ్చింది.

చప్పరించింది.

రెండు చిన్న గుక్కలు. ఒక పొడుగాటి గుక్క.

గోపి వేలు వెనక్కి లాగాడు. చెయ్యి రాలేదు. రెండు చిన్నవి... ఒకటి పొడుగు. పన్ను లేని చిగుళ్ళు. కింద చిన్న నాలుక లాంటిది, వేలిని పైకి ఒత్తుతోంది. ఆకలి మీద ఉంది. రెండు చిన్నవి... ఒకటి పొడుగు... జేబురుమాలు వేలి మీంచి జారి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు వట్టి చర్మం. ఇంకా గట్టిగా...

చెక్కకి కాలు తన్ని పెట్టి వెనక్కి పడ్డాడు. వేలు చప్‌మని ఊడి వచ్చింది. నీళ్ళల్లో రోజంతా నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉంది. పొద్దున్నుంచి ఎంత తోమినా పోని నల్ల నూనె గోరు కింద లేదు. ఆ గోరు అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

గోపి వసారా చివరికి పాకి కక్కుకున్నాడు.

మేకు కోసం ఆ చీకట్లో అరటి మొక్కల్లోకి వెళ్ళలేకపోయాడు. అయిదో బిరడా లేదు. గోడలకి రాయగా మిగిలిన తెల్ల పుట్టీ డబ్బా ఉంది. కర్ర కొసతో పుట్టీ తీసి, మొహం తిప్పుకుని, కంతలో కుక్కాడు. డబ్బా సగం పట్టింది. పైన నున్నగా అలికాడు. ఆ రాత్రి తాయారు వాళ్ళింట్లో పడుకున్నాడు. కరెంటు లేక ఉక్కపోస్తోందన్నాడు. తాయారు ఇంట్లోనూ కరెంటు లేదు.

పొద్దున్న ఎండ కాసింది. పుట్టీ తెల్లగా, ఎండి, గట్టిగా ఉంది. గోరుతో తట్టి చూశాడు. గట్టిగానే ఉంది. వట్టి తడి చెక్క వేలిని పట్టేసింది, అంతే అనుకున్నాడు. పగటిపూట మనిషి ఏమైనా అనుకోగలడు. ఊరికి చెబితే ముసలయ్యేదాకా ఆటపట్టిస్తారు. బస్సు పదకొండింటికి.

గంగులు, వాడి తమ్ముడు చినబాబు వచ్చి చెక్క ఎత్తారు. కంత ఉన్న వైపు పైకి పెట్టమన్నాడు గోపి.

"కుదరదు బావా," అన్నాడు గంగులు. "పట్టాలు కూకునే పల్లం రెండు కొసల్నీ ఉన్నాది సూడు. ఆ పల్లంలో గోడ అంచు కూకోవాల. కిందకే తిప్పాల."

కిందకే తిప్పారు. నేల నుంచి తలెత్తి చూస్తే నట్టనడిమిని తెల్లటి నలుచదరం చుక్క.

ధనలక్ష్మి వచ్చింది. ఆమె తల్లి గున్నమ్మ వచ్చింది. తులసి నరసన్నపేటలో మొదలెట్టిన ఏడుపు ఆపకుండా వచ్చింది. గోపి పిల్లని ఎత్తుకున్నాడు. అది వాడి చొక్కా మీద కక్కింది. వాడి మొహం వెలిగిపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరూ చూసి నవ్వుకున్నారు.

సాయంత్రం గున్నమ్మ ఉయ్యాల కట్టి, పిల్లని పడుకోబెట్టింది. ఏడుపు ఆగిపోయింది.

"సూసినావేటి?" అని వంటింట్లోంచి కూతురికి చెప్పింది. "సొంత ఇల్లు తెలిసింది గుంటకి."

గోపి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఏడుపు ఆగడం విన్నాడు. సంతోషం వేసింది. ఆ తరవాత ఇంకో చప్పుడు విన్నాడు.

రెండు చిన్నవి. ఒకటి పొడుగు.

నడవలోకి వచ్చాడు. ఇంకా దీపం పెట్టలేదు. ఉయ్యాల కదలడం లేదు. తులసి మెలకువగానే ఉంది. కళ్ళు పైకి నిలిపి, పెదవులు గుండ్రంగా చేసి, గాలిని చప్పరిస్తోంది. పుట్టీ లేదు. ఒక్క తెల్ల పలుకు లేదు, నాకేసినట్టు. నల్లటి కంత. అందులోంచి సన్నటి తీగ, పాల రంగుది, జిగటది, నిదానంగా... నిదానంగా... ఉయ్యాలలోకి దిగి ఉంది. పిల్ల నోటిదాకా.

పిల్ల మింగింది.

గోపి ఉయ్యాలని పక్కకి లాగి, పిల్లని ఎత్తి ధనలక్ష్మి ఒళ్ళో పడేశాడు. పెరట్లోకి పరుగెత్తాడు. అరటి మొక్కల కింద బురదలో మోకాళ్ళ మీద పాకాడు. కుళ్ళిన ఆకుల్లో, జెర్రుల మధ్య రెండు చేతులూ పెట్టి వెతికాడు. పెళ్ళి పంక్తిలోంచి లేచిపోయిన మనిషి. మేకు దొరికింది. బల్ల ఎక్కాడు. మేకుని కంతలో పెట్టి, సోములు గడ్డపార తిరగేసి, మొద్దు కొసతో కింద నుంచి పైకి పొడిచాడు.

"అల్లుడికి ఏటైనాదే?" అంది గున్నమ్మ.

మేకు వెళ్ళింది. ఒక్క పోటుకే. ఎదురు లేదు, తడి లేదు, వెచ్చదనం లేదు. ఎండిన చెక్కలోకి ఇనుము దిగిన చప్పుడు. అంతే. విరిగిన పాల వాసన ఆ ఇంట్లో లేదు. ఫినాయిలు వాసన మాత్రం ఉంది.

గోపి బల్ల దిగాడు. బురద చేతులు కడుక్కుని, భార్య పక్కన కూర్చున్నాడు. తులసి బాగుంది. నవ్వుతోంది. ఊపిరి పీల్చుకుని, చూపుడు వేలు పిల్ల నోటి దగ్గర పెట్టాడు. అలవాటే. నరసన్నపేటలో మొదటి రోజు నుంచీ.

పిల్ల అందుకుంది. మామూలుగా గబగబా చప్పరించేది.

రెండు చిన్న గుక్కలు. ఒక పొడుగాటి గుక్క.

వేలి కొసకి అంగిట్లో ఏదో తగిలింది. మెత్తటి చోట చిన్న పల్లం. మిరియపు గింజంత. వాడు వేలు మెల్లగా తిప్పాడు. ఒక మూల. ఇంకో మూల. మూడు. నాలుగు.

వేలు తీసి చూసుకున్నాడు. గోరు శుభ్రంగా ఉంది. ఆ వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. పిల్ల పుట్టాక వాడు ఆ పని చెయ్యడం అదే మొదటిసారి. ధనలక్ష్మి చూసింది.

మర్నాడు గడ్డపార ఇవ్వడానికి వెళితే సోములు గుమ్మంలోనే ఆపాడు. జరిగిందంతా విన్నాడు. చాలాసేపు బోసినోరు నమిలాడు.

"ఒకటి సెప్పు," అన్నాడు చివరికి, గుసగుసగా. "నువ్వు మేకు కొట్టింది గుంట మింగక ముందా... మింగినాకా?"

గోపి గడ్డపార తీసుకోమన్నాడు.

"నాకొద్దు. నీకాడే ఉంచు," అని సోములు తలుపు వేసుకున్నాడు.

తులసికి ఇప్పుడు ఏడాదిన్నర. బొద్దుగా ఉంది. ఒక్క పన్ను రాలేదు. సోములు పోలిక అని ఊరు నవ్వుతుంది. సోములు ఆ వీధి మీదుగా నడవడం మానేశాడు. మోకాళ్ళ నొప్పులట.

గోపి మాత్రం ఏ సాయంత్రం చూసినా అరుగు మీద కూర్చుని, చాకుతో వేప పుల్ల చెక్కుతూ ఉంటాడు. ఏటిరా అది అంటే పిల్లకి బొమ్మ అంటాడు. బొమ్మలా ఉండదు. నలుచదరంగా చెక్కిన చిన్న బిరడా. నూనె కూడా పట్టిస్తాడు. మొదట్లో అగ్గిపుల్ల కంటే సన్నగా ఉండేది. పోయిన నెల పెన్సిలంత చెక్కాడు. ఇప్పుడు చెక్కుతున్నది చిటికెన వేలంత ఉంది.

దీపాల వేళ అయ్యేలోగా ముక్కుకి తువ్వాలు కట్టుకుని, ఆ బిరడాతో పిల్ల ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేస్తాడు.